ఆ సంతకం ఎవరిది?



గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఆడపిల్లలకు వేసే టీకా గురించి రాయమని చాలామంది అడుగుతున్నారు. టీకా మంచిదే. ఆ మాట ముందే చెబుతున్నాం. అయితే మా దగ్గరకు వచ్చే తల్లులు మొదట అడిగేది టీకా గుణం గురించి కాదు. "సిస్టరమ్మా, ఇది అప్పట్లో ఖమ్మం జిల్లాలో హాస్టల్ పిల్లలకు వేసిన సూదేనా?" అని అడుగుతున్నారు. ఇలా అడిగినవారిని పుకార్లు నమ్మే మనుషులని తీసిపారేసే అలవాటు వైద్య సిబ్బందిలో కొంత ఉన్నది. ఆ అలవాటు తప్పని మా అభిప్రాయం. ఖమ్మంలో ఏమి జరిగిందో తెలిసినవారు ఎవరైనా ఆ ప్రశ్నను గౌరవిస్తారు.

2009 జూలైలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఆ పని మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాలను ఎంచుకున్నారు. (మొదటి రెండూ ఇప్పుడు భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఉన్నవి.) అమెరికాకు చెందిన పాథ్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టాయి. డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. టీకాలను తయారీ కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి. 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గార్డసిల్ అనే టీకాను మూడు మోతాదులుగా వేయాలని ఏర్పాటు. గుజరాత్‌లోని వడోదర జిల్లాలో మరో 10 వేల మందికి సెర్వారిక్స్ అనే వేరే కంపెనీ టీకా వేశారు.

ఖమ్మం పిల్లల్లో చాలామంది గిరిజన బాలికలు. ఎంతోమంది ఆశ్రమ పాఠశాలల్లో, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకునేవారు. 2010 మార్చిలో ఢిల్లీకి చెందిన 'సమ' అనే మహిళా ఆరోగ్య సంస్థ వారు భద్రాచలం వెళ్లి పిల్లలతోను, తల్లిదండ్రులతోను, హాస్టల్ వారితోను మాట్లాడారు. తమకు వేసింది ఏ టీకానో, దేనికోసమో చాలామంది పిల్లలకు తెలియదు. ఇంటి దగ్గర ఉన్న తల్లిదండ్రులను అడిగినవారు లేరు. ఆ లోపల టీకా వేసిన పిల్లల్లో కొందరు చనిపోయిన సంగతి బయటికి వచ్చింది. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు. ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపివేసింది.

ఇక్కడ మేము జాగ్రత్తగా రాయాలి, మీరు కూడా జాగ్రత్తగా చదవాలి. ఆ ఏడు మరణాలను పరిశీలించిన విచారణ సంఘం 2011లో నివేదిక ఇచ్చింది. వాటికి టీకాతో సంబంధం ఉన్నట్టు కనబడలేదని చెప్పింది. ఒకరు నీట మునిగి, ఒకరు పాముకాటుతో, ఇద్దరు పురుగుమందు తాగి, ఒకరు మలేరియా ముదిరి పోయారు. మిగిలిన ఇద్దరి విషయంలో కారణం అంత స్పష్టంగా తేలలేదు. కాబట్టి "ఆ సూది ఏడుగురిని చంపింది" అనే మాట నిజం కాదు. మా వార్డుల్లో ఎవరైనా ఆ మాట అంటే మేము ఊరుకోము, కూర్చోబెట్టి చెబుతాం.

కాని అదే విచారణలో అంగీకార పత్రాలను కూడా తిరగేశారు. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి చూసిన 9,543 పత్రాలలో 1,948 మీద వేలిముద్రలు ఉన్నవి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్ వార్డెన్లు. పిల్లల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం చేయవచ్చని రాష్ట్ర ప్రభుత్వమే సర్క్యులర్ ఇచ్చింది. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో ఈ విషయాలన్నిటినీ గట్టిగా తప్పుపట్టింది. పిల్లలకు తరువాత ఏ ఇబ్బంది వచ్చినా నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదని కూడా అన్నది. పాథ్ సంస్థ ఆ నివేదికతో తాము ఏకీభవించడం లేదని చెప్పింది. లైసెన్సు ఉన్న టీకాను ఎలా అందించాలో చూశామే కాని మందును మనుషుల మీద పరీక్షించలేదని వారి వాదన. పార్లమెంటు సంఘం మాత్రం దీన్ని మనుషుల మీద చేసిన పరిశోధనగానే లెక్కించింది.

వేలిముద్రల గురించి ఒక మాట. చదువు రాని తల్లి వేలిముద్ర వేస్తే అది తక్కువ అంగీకారం ఏమీ కాదు. విషయం వివరంగా చెప్పి, ఆమె ప్రశ్నలకు జవాబిచ్చి, సాక్షిని పక్కన పెట్టి తీసుకున్న వేలిముద్ర, వార్డెన్ ఇంకు పెన్నుతో చేసిన సొగసైన సంతకం కంటే వంద రెట్లు విలువైనది. పత్రికల్లో ఆ 1,948 సంఖ్యనే పెద్దదిగా చూపించారు. మా కంటికి 2,763 పెద్దదిగా కనబడుతున్నది.

హాస్టల్‌నే ఎందుకు ఎంచుకుంటారు? సూది వేసేవాళ్లకు దాని జవాబు తెలుసు. ఐస్‌ప్యాకులు పెట్టిన టీకా పెట్టె భుజాన వేసుకుని గూడేలు తిరగాలంటే ఒక రోజుకు పది ఇళ్లు దాటవు. తలుపు తాళం వేసి ఉంటుంది, తల్లి కూలికి పోయి ఉంటుంది, తండ్రి ఇవాళ కాదు రేపు రమ్మంటాడు. హాస్టల్‌లో వంద మంది పిల్లలు వరుసలో నిలబడతారు. పేర్ల పట్టిక వార్డెన్ దగ్గర సిద్ధంగా ఉంటుంది. రెండో మోతాదుకు, మూడో మోతాదుకు వాళ్లు అక్కడే దొరుకుతారు. సాయంత్రానికి లెక్క పూర్తి అవుతుంది. పని సులువు కావడం కోసం చేసిన ఏర్పాటులో తల్లి అడ్డుగా కనబడుతుంది, ఆమెను దాటుకుని పోతారు. ఎవరూ దుర్మార్గులు కానవసరం లేదు. ఆ తరువాత సెలవులకు పిల్ల ఇంటికి పోయి, అక్కడ జ్వరం వచ్చి పడుకుంటే, సూది వేసిన సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఇలాంటి విషయాలను పట్టుకుని పరిశీలించే శాస్త్రం ఒకటి ఉన్నది. డాక్టర్లు, శాస్త్రజ్ఞులు ఊళ్లలోకి వెళ్లి రోగాన్ని పరీక్షిస్తారు. సామాజిక శాస్త్రజ్ఞులు ఆ పరీక్ష ఎలా జరిగిందో పరీక్షిస్తారు. ఊళ్లోకి ఎవరి ద్వారా వచ్చారు, ఎవరిని అడిగారు, ఎవరిని అడగలేదు, పోయేటప్పుడు ఏమి చెప్పి పోయారు అని చూస్తారు. దీన్ని చూసి విసుక్కునే డాక్టర్లు ఉన్నారు. పని చేసేవాళ్లను చేయనివ్వకుండా కాగితాలు వెతుకుతారేమిటి అంటారు. మాకు అలా అనిపించదు. వార్డులో డ్రెస్సింగ్ చేసిన తరువాత హెడ్ సిస్టర్ వచ్చి కట్టు విప్పి చూస్తే ఎవరికైనా చిరాకే, కాని చీము ఎక్కడుందో తేలేది అప్పుడే.

ఈ కథలో నర్సు ఎక్కడున్నది అని మమ్మల్ని మేము అడుగుకోవలసి ఉన్నది. అందుకు దూరదేశపు సంగతి ఒకటి చెప్పాలి.

అమెరికాలో అలబామా రాష్ట్రంలోని మేకన్ కౌంటీలో, టస్కీగీ పట్టణం దగ్గర, 1932లో ఆ దేశపు ప్రజారోగ్య శాఖ ఒక పరిశీలన మొదలుపెట్టింది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి పురుషులు, లేనివారు 201 మంది. వైద్యం చేయకుండా వదిలేస్తే ఆ వ్యాధి ఎలా ముదురుతుందో చూడడం వారి ఉద్దేశం. ఆ మనుషులకు మాత్రం మీకు "చెడు రక్తం" ఉన్నది, వైద్యం చేస్తున్నాం అని చెప్పారు. వెన్నులోంచి సూదితో నీరు తీయడాన్ని కూడా ప్రత్యేకమైన ఉచిత వైద్యంగా చెప్పుకున్నారు. 1940లలోనే పెన్సిలిన్ వచ్చింది, అది ఆ వ్యాధిని నయం చేస్తుందని తేలింది. అయినా వీరికి ఇవ్వలేదు. 1972లో పీటర్ బక్స్టన్ అనే ఆ శాఖ మాజీ ఉద్యోగి ద్వారా సంగతి పత్రికలకు చేరేదాకా, అంటే 40 ఏళ్లు ఇది నడిచింది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ బతికి ఉన్న కొద్దిమందికి, వారి కుటుంబాలకు దేశం తరఫున క్షమాపణ చెప్పాడు.

ఆ 40 ఏళ్లలో డాక్టర్లు వచ్చారు, మారారు, పోయారు. మొదటినుంచీ ఉన్నది ఒక నర్సు. ఆమె పేరు యూనిస్ రివర్స్. ఆమె కూడా నల్లజాతి స్త్రీయే, ఆ ప్రాంతంలో అందరికీ తెలిసిన మనిషి. తన కారులో ఆ రైతులను పరీక్షలకు తీసుకువెళ్లేది, ఇళ్లకు వెళ్లి కుశలం అడిగేది, చనిపోతే కుటుంబం దగ్గర శవపరీక్షకు ఒప్పుదల తీసుకునేది. శవపరీక్షకు ఒప్పుకుంటే భూస్థాపన ఖర్చులు ఇచ్చేవారు. పేదవాళ్లకు అది చిన్న విషయం కాదు. ఇంతమందిని ఇన్నేళ్లు పరిశీలనలో ఎలా నిలబెట్టామో వివరిస్తూ 1953లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసానికి మొదటి రచయిత్రిగా ఉన్నది ఆమె పేరే. ఆమె మోసగత్తె అని కొందరు, ఆ కాలంలో నల్లజాతి నర్సుకు డాక్టరు మాట కాదనే అధికారం ఎక్కడిదని కొందరు, తన మనుషులకు దొరికిన ఆ కొంచెం వైద్యం కూడా పోకూడదనుకున్నదని మరికొందరు చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు.

మేము ఆ వాదన తేల్చలేము. కాని ఒకటి గమనించాము. ఆ మనుషులు నమ్మింది ప్రభుత్వాన్ని కాదు, పెద్ద డాక్టర్లను కాదు. తమ గుమ్మం తొక్కి పేరు పెట్టి పలకరించిన నర్సును. ఇంకో సంగతి మనకు మరీ దగ్గరది. ఆ మనుషులను పోగుచేసిన చోట్లు బడులు, చర్చిలు. మన ఊళ్లలో కూడా ఆరాధన అయిపోయాక పాస్టరుగారు "వచ్చే గురువారం వైద్య శిబిరం, అందరూ రావాలి" అని ప్రకటిస్తారు. వైద్య శిబిరానికి అది మంచిదే. కాని ఏదైనా పరిశోధన కోసం మనుషులు కావలసి వస్తే ఆ ప్రకటన పుల్పిట్ మీదనుంచి రాకూడదని మేము గట్టిగా అనుకుంటున్నాం. పాస్టరుగారు చెప్పిన తరువాత కాదని ఇంటికి పోగలిగే పేద విశ్వాసి ఎంతమంది ఉంటారు? ఈ మాట కొందరు పెద్దలకు నచ్చకపోవచ్చు.

ఊళ్లలోకి వెళ్లి అడగడం వల్ల శాస్త్రానికే మేలు జరిగిన సంగతి కూడా చెప్పకపోతే అన్యాయం అవుతుంది. క్షయ వ్యాధి విషయంలో మన దేశంలో చాలాకాలం ఒక నమ్మకం ఉండేది. పల్లెజనం అజ్ఞానులు, దగ్గును లెక్కచేయరు, అందుకే ఆసుపత్రికి రారు అని. బెంగుళూరులోని జాతీయ క్షయ సంస్థలో పనిచేసిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ అనే ఇద్దరు తుమకూరు జిల్లా పల్లెల్లోని క్షయ రోగులను స్వయంగా అడిగించారు. 1963లో వచ్చిన వారి నివేదిక చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. రోగుల్లో దాదాపు అందరికీ తమ బాధ తెలుసు. చాలామంది దాని గురించి దిగులు పడుతున్నారు. సగానికి పైగా అప్పటికే ఆసుపత్రికో డిస్పెన్సరీకో వెళ్లి వచ్చారు. అక్కడ కళ్లె పరీక్ష చేయకుండా ఒక సీసా దగ్గు మందు ఇచ్చి పంపించారు. అజ్ఞానం ఎవరిదో మీరే చెప్పండి. జనరల్ ఆసుపత్రుల్లోనే క్షయను పరీక్షించి మందు ఇవ్వాలనే పద్ధతికి ఆ అధ్యయనం గట్టి బలం ఇచ్చింది. మన మిషన్ ఆసుపత్రుల చరిత్రలో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం పేరు తెలియనివారు ఉండరు. క్షయ రోగిని నెలల తరబడి పడుకోబెట్టి చూసుకున్న ఆ రోజులనుంచి, రోగి ఇంట్లోనే ఉండి మాత్రలు వేసుకునే రోజులు రావడానికి ఇలా అడిగి తెలుసుకున్న పనులు కూడా దారి వేశాయి.

మళ్లీ టీకా దగ్గరకు వద్దాం. ఖమ్మంలో ఆగిపోయిన సమయంలోనే దేశంలో ఇదే టీకా మీద వేరొక పెద్ద పరిశోధన నడుస్తున్నది. మూడు మోతాదులు అవసరమా, రెండు చాలా అని తేల్చడం కోసం అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 17,729 మంది అమ్మాయిలను చేర్చుకున్నది. 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వ ఉత్తర్వుతో అది కూడా నడిమధ్యలో ఆగిపోయింది. అప్పటికి 4,949 మందికి ఒక్క మోతాదే పడింది. ఆ పిల్లలను వదిలేయకుండా ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. పదేళ్ల తరువాత, 2021లో ప్రచురించిన ఫలితాల ప్రకారం క్యాన్సర్ తెచ్చే ముఖ్యమైన రెండు రకాల వైరస్‌ల నుంచి ఒక్క మోతాదు కూడా రెండు, మూడు మోతాదుల మాదిరిగానే రక్షణ ఇచ్చింది. వేరే దేశాల్లో జరిగిన పరిశోధనలతో కలిపి దీన్ని చూసి 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క మోతాదు కూడా సరిపోతుందని చెప్పింది. హెచ్.ఐ.వి. ఉన్నవారికి మాత్రం ఒకటి కంటే ఎక్కువ కావాలి. ఈ రోజు పేద దేశాల పిల్లలకు ఈ టీకా చౌకగా అందుతున్నదంటే అందులో మన దేశపు అమ్మాయిల భాగం ఉన్నది. వారిలో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారో!

మనదేశంలో 2022 అంచనా ప్రకారం ఒక్క ఏడాదిలో 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80 వేల మంది చనిపోయారు. మా వార్డులో ఆ నొప్పిని, ఆ వాసనను, మంచం పక్కన నిలబడ్డ చిన్న పిల్లలను చూసినవాళ్లం కాబట్టి ఈ టీకా అందరికీ అందాలని కోరుకుంటున్నాం. సీరం సంస్థ పుణేలో తయారు చేసిన సెర్వావాక్ 2023లో వచ్చింది. 2024 ఫిబ్రవరి బడ్జెట్ ప్రసంగంలో 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని ఆర్థిక మంత్రి చెప్పారు. మరి ఖమ్మం తరువాత ఇన్నేళ్లు ఎందుకు పట్టింది? ప్రశ్నలు అడిగినవారివల్లే ఆలస్యం అయిందని, వారు అడ్డుపడకపోతే ఎన్నో ప్రాణాలు దక్కేవని కొందరు పెద్ద డాక్టర్లు రాస్తుంటారు. ఆలస్యంవల్ల నష్టం జరిగిన మాట నిజమే. కాని ఆ నిందను భద్రాచలం వెళ్లి అడిగి వచ్చిన ఆడవాళ్ల మీద వేయడం మాకు న్యాయంగా తోచదు. తల్లులను ముందే అడిగి ఉంటే, ఆ ఏడు మరణాల సంగతి బయటికి వచ్చిన రోజున ఆ తల్లులే ముందుకు వచ్చి మాకు తెలిసే వేయించాం అని చెప్పేవారు. అలా చెప్పే మనిషి ఒక్కరు కూడా లేకపోవడంవల్లనే టీకా ఒంటరిదైంది.

దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం మన సండేస్కూలు పిల్లలందరికీ తెలుసు. రాజు భోజనం తినేవారిని, కూరగాయలు తిని నీళ్లు తాగేవారిని పది దినాలు పక్కపక్కన పెట్టి చూసిన సంగతి. తల్లిదండ్రులకు దూరంగా, పరదేశంలో, రాజుగారి అధికారి చేతి కింద ఉన్న పిల్లలు వాళ్లు. ఒక విధంగా హాస్టల్ పిల్లలే. ఆ పరీక్ష పెట్టమని అడిగింది అధికారి కాదు, దానియేలే. గడువు చెప్పింది కూడా అతనే. ఈ అధ్యాయాన్ని ఆహారం గురించిన పాఠంగానే చెబుతుంటారు. పిల్లవాడిని అడిగే పద్ధతికి పాఠంగా కూడా చెప్పవచ్చు.

ఇకముందు మీ ఊరికి సర్వే అని, శిబిరం అని, కొత్త టీకా అని ఎవరు వచ్చినా, మేము వచ్చినా సరే, ఇది వైద్యమా, పరిశోధనా అని మొదట అడగండి. రెండూ మంచివే కాని రెండూ ఒకటి కాదు. ఒప్పుకోకపోతే మాకు రావలసిన మామూలు వైద్యం ఆగిపోతుందా అని అడగండి. ఆగకూడదు, అది మీ హక్కు. జ్వరం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, ఆ నెంబరు రాత్రిపూట ఎవరు ఎత్తుతారో అడగండి. చివరికి ఏమి తేలిందో మాకు వచ్చి చెబుతారా అని కూడా అడగండి. ఈ ఆఖరి ప్రశ్నకు చాలామంది నీళ్లు నములుతారు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు కదా.

సంఘ హాస్టళ్లను చూసుకునే వార్డెన్‌లకు, మేట్రన్‌లకు మా మనవి వేరుగా ఉన్నది. పిల్లకు పాము కరిస్తే తల్లి కోసం ఆగవద్దు, వెంటనే తీసుకురండి, సంతకాలు తరువాత చూసుకుందాం. తొందర లేని టీకాకు మాత్రం మీరు సంతకం చేయకండి. పత్రం తెలుగులో రాయించి, దసరా సెలవులకో క్రిస్మస్ సెలవులకో పిల్ల చేతికిచ్చి ఇంటికి పంపండి. చదువు రాని ఇంటికి మా నర్సు గాని, మీ ఊరి ఆశా కార్యకర్త గాని వెళ్లి చదివి వినిపిస్తారు. దానివల్ల నెల ఆలస్యమైతే కానివ్వండి.

మా టీకా గదిలో కూడా ఇదే పద్ధతి. పత్రాన్ని అప్పటికప్పుడు నింపమని అడగము. కొంగున కట్టుకుని ఇంటికి తీసుకుపోయి అత్తగారితో, భర్తతో, చదువుకున్న చుట్టంతో మాట్లాడి రమ్మంటాం. తిరిగి వచ్చినవారు ఉన్నారు, రానివారు ఉన్నారు. రానివారి పిల్లలు జ్వరమని, దెబ్బ తగిలిందని ఓ.పి.కి వచ్చినప్పుడు చీటీ వరుసలోనే రాస్తాం, టీకా ఎందుకు వేయించలేదని అక్కడ అడగము.